వరుస తప్పితే వంశం అందదు

గౌరవనీయులైన సంపాదకులు గారికి,

నమస్కారాలు. మీ సాహిత్య పుటలో ఇటీవల చారిత్రక నవలామాలల మీద జరిగిన చర్చను మొదటి నుంచి చివరి దాకా శ్రద్ధగా చదివాను. ఒకే కుటుంబం కథను పది పన్నెండు సంపుటాల పొడవునా నడిపించడం సాగతీత తప్ప మరొకటి కాదని, మధ్య సంపుటాలను దాటవేసినా పాఠకుడికి పోయేదేమీ ఉండదని, తీరిక లేనివారి కోసం అన్నింటినీ కలిపి ఒక సంక్షిప్త ప్రతి వేస్తే సరిపోతుందని చర్చలో పాల్గొన్నవారిలో ఎక్కువమంది అభిప్రాయపడ్డారు. ముప్పై ఏళ్లకు పైగా ఇలాంటి నవలలను ప్రాణప్రదంగా చదువుకుంటూ వస్తున్న నాకు ఆ మాటలు బాధ కలిగించాయి. పొడవు ఈ నవలలకు పట్టిన దోషం కాదని, వాటి ఆనందమంతా ఆ పొడవులోనే ఉందని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఒక చారిత్రక నవల మనల్ని ఏదో ఒక కాలానికి తీసుకువెళ్లి, అక్కడి యుద్ధమో ప్రేమో చూపించి, నాలుగు వందల పేజీలలో తిరిగి ఇంటికి చేరుస్తుంది. అది ప్రయాణం. నవలామాల మాత్రం మనల్ని అక్కడే కాపురం పెట్టిస్తుంది. ప్రయాణంలో చూసిన ఊరికీ, కాపురం చేసిన ఊరికీ మధ్య ఉన్న తేడా ఎంతటిదో అనుభవించినవారికి చెప్పనక్కరలేదు. రెండో సంపుటం సగానికి వచ్చేసరికి ఆ ఇంట్లో ఏ మెట్టు కిర్రుమంటుందో, ఏ గది తలుపు చలికాలంలో సరిగా పడదో, ఏ అత్తగారి ముందు ఏ మాట ఎత్తకూడదో పాఠకుడికి తెలిసిపోతుంది. నాలుగో సంపుటం నాటికి ఆ ఇంటివాళ్లకే తెలియని సంగతులు అతనికి తెలుస్తాయి. నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఇక్కడే మొదలవుతుంది.

ఒక కథ ఊహించుకోండి. మొదటి సంపుటంలో అన్నదమ్ములిద్దరు తగవుపడి, ఉమ్మడి పెరడును పంచుకుంటూ మధ్యన ఒక రాతిగోడ కట్టుకుంటారు. గోడకు ఆఖరి రాయి పెట్టిన రోజు రాత్రి చిన్నవాడు చీకట్లో ఒక్కడే వచ్చి, ఆ గోడకు నుదురు ఆనించి ఏడుస్తాడు. అది చూసినవాళ్లు ఎవరూ లేరు. రెండో సంపుటంలో వాళ్లిద్దరూ రాజీపడకుండానే పోతారు. మూడో సంపుటంలో పిల్లలు ఆ గోడ మీదికి ఎక్కి ఆడుకుంటారు. ఆరో సంపుటం వచ్చేసరికి ఆ గోడ ఎందుకు పుట్టిందో ఇంట్లో ఒక్కరికీ తెలియదు. పెద్దవాడి మునిమనవరాలు, ఎవరని తెలియకుండానే చిన్నవాడి మునిమనవడిని ఆ గోడ దగ్గరే మొదటిసారి చూస్తుంది. రచయిత ఆ పేజీలో పాత సంగతి ఒక్క ముక్క కూడా గుర్తుచేయడు. అక్కడ మాట తడబడేదీ, గుండె కలుక్కుమనేదీ పాఠకుడికే. ఎందుకంటే ఆ రాత్రి చీకట్లో ఏడ్చినవాణ్ణి చూసిన ప్రాణి ఆ వంశంలో ఇంకా మిగిలి ఉన్నది పాఠకుడు ఒక్కడే. సుదీర్ఘమైన కుటుంబ గాథను చదివేవాడు క్రమంగా ఆ కుటుంబంలో అందరికంటే పెద్దవాడవుతాడు. అందరి పుట్టుకలూ చూసినవాడు, అందరి రహస్యాలూ మోసేవాడు, ఎవరికీ ఏమీ చెప్పలేనివాడు అతనే. ఈ అనుభవాన్ని మూడు వందల పేజీల నవల ఇవ్వలేదు. సంక్షిప్త ప్రతి అసలే ఇవ్వలేదు, ఎందుకంటే సంక్షిప్తం చేసేవారు మొట్టమొదట తీసేసేది గోడకు నుదురు ఆనించిన ఆ అరపేజీనే.

ఈజిప్టు రచయిత నగీబ్ మహఫూజ్ 1956, 1957 సంవత్సరాలలో ప్రచురించిన కైరో నవలాత్రయం చదివినవారు ఈ మాటను వెంటనే ఒప్పుకుంటారని నా నమ్మకం. 1917 నుంచి 1944 దాకా ఒక వర్తకుడి కుటుంబం మూడు తరాల కథ అది. మూడు నవలలకూ కైరో వీధుల పేర్లే పెట్టారు. మొదటి నవలలో తల్లి చుట్టూ పిల్లలంతా చేరి కాఫీ తాగుతూ కబుర్లు చెప్పుకునే ఒక వేళ ఉంటుంది. తండ్రి ఇంట్లో లేని సమయం కనుక అందరి గొంతులూ స్వేచ్ఛగా లేస్తాయి. మొదటిసారి చదివినప్పుడు అది కథకు పెద్దగా అవసరం లేని ముచ్చటగా తోచింది. కానీ ఆ కాఫీ వేళ మళ్లీ మళ్లీ వస్తుంది. కూర్చునేవారు మారుతూ ఉంటారు, కొన్ని చోట్లు ఖాళీ అవుతాయి, కొత్త తరం వచ్చి చేరుతుంది. ఎవరెవరు లేరో రచయిత లెక్క చెప్పవలసిన పని లేదు. ఆ దృశ్యంలోకి వెళ్లగానే చుట్టూ చూసి లెక్కపెట్టుకోవడం మనకే అలవాటైపోతుంది. బయట బ్రిటిషు పెత్తనం మీద 1919 విప్లవం జరిగింది, ప్రపంచయుద్ధాలు రెండు వచ్చాయి, అయినా కాలం గడిచిందన్న సంగతి నాకు నిజంగా తెలిసివచ్చింది ఆ కాఫీ చుట్టూ మిగిలిన ఖాళీలను చూసినప్పుడే. మధ్య నవలను దాటేసి మూడోదానిలోకి దూకినవారికి అక్కడ నలుగురు మనుషులు కూర్చుని మాట్లాడుకోవడం మాత్రమే కనిపిస్తుంది.

ఇక నాకు అన్నింటికంటే ఇష్టమైన నవలామాల గురించి కొంత వివరంగా రాయడానికి అనుమతించండి. ఆంగ్ల రచయిత విన్‌స్టన్ గ్రాహం పోల్‌డార్క్ అనే కుటుంబం మీద రాసిన నవలలు పన్నెండు. ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ వాటికి రంగస్థలం. మొదటిది 1945లో వచ్చింది, పన్నెండోది, అంటే ఆఖరిది, 2002లో వచ్చింది. కథ 1783లో మొదలై 1820లో ముగుస్తుంది. పాత్రలు 37 ఏళ్లు బతకడానికి రచయితకు 57 ఏళ్లు పట్టిందన్నమాట. ఈ లెక్క వేసుకున్న రోజు నాకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు. నాలుగో నవల 1953లో వస్తే అయిదోది 1973లో వచ్చింది. కథలో మాత్రం నాలుగోది 1793లో ముగిసి, అయిదోది 1794లో మొదలవుతుంది. నాలుగో నవలను ఇరవై ఏళ్ల వయసులో చదివి మూసిన పాఠకుడు అయిదోది తెరిచే వేళకు నలభై ఏళ్లవాడు. ఆ మధ్య అతనికి పెళ్లి అయి ఉంటుంది, పిల్లలు పుట్టి ఉంటారు, తల్లిదండ్రులను పోగొట్టుకునీ ఉండవచ్చు. అవతల పాత్రలకు గడిచినవి కొద్ది నెలలే. తనకంటే పెద్దవాడైన నాయకుణ్ణి విడిచివెళ్లిన ఆ పాఠకుడు, తిరిగివచ్చి తనకంటే చిన్నవాడైన నాయకుణ్ణి చూశాడు. దీనికి పూర్తిగా భిన్నమైనది ఏడో నవలకూ ఎనిమిదోదానికీ మధ్య జరుగుతుంది. రచయిత తీసుకున్న విరామం నాలుగేళ్లే, కానీ కథ 1799 నుంచి 1810కి వెళ్లిపోతుంది. మొన్నటిదాకా చంకనెత్తుకుని తిరిగిన పిల్లలు పెళ్లీడుకు వచ్చి, సొంత ఆలోచనలతో, తల్లిదండ్రులకు చెప్పని మాటలతో ఎదురవుతారు. దూరదేశం నుంచి చాలా ఏళ్లకు తిరిగివచ్చిన మేనమామకు మేనల్లుణ్ణి చూసినప్పుడు కలిగే తత్తరపాటు ఎలాంటిదో ఎనిమిదో నవల మొదటి అధ్యాయాలలో నాకు అర్థమైంది. ఈ రెండు కాలాలూ, అంటే కథ నడిచే కాలమూ మనం బతికే కాలమూ, ఇలా ఒకదానితో ఒకటి ఒరుసుకుంటూ పోవడం బహుసంపుట నవలకు మాత్రమే దక్కిన భాగ్యం.

చరిత్ర విషయంలోనూ ఇంతే. కుటుంబ గాథల్లో చరిత్ర నేపథ్యపు తెర మాత్రమేనని మీ చర్చలో ఒకరు అన్నారు. కొన్నింటి విషయంలో ఆ మాట నిజమే కావచ్చు. మంచివాటిలో చరిత్ర ఆ ఇంటి వంటగదిలోకీ, జమాఖర్చుల పుస్తకంలోకీ దిగివస్తుంది. పోల్‌డార్క్ మొదటి నవలలనే తీసుకోండి. వాటిలో రాజుల కంటే, మంత్రుల కంటే ఎక్కువగా వినిపించేది రాగి ధర. 1780లలో వేల్స్‌కు చెందిన ఆంగ్లెసీ దీవిలోని పారిస్ కొండ గనిలో నేల పైపొరల్లోనే ఖనిజం చవకగా దొరకడంతో రాగి ధర పడిపోయింది. కార్న్‌వాల్ గనులు లోతైనవి. వాటిలో ఊరే నీటిని ఆవిరి యంత్రాలతో నిరంతరం తోడిపోయాలి, ఆ యంత్రాలకు బొగ్గు వేల్స్ నుంచి ఓడల మీద రావాలి. ధర పడితే గని మూతపడుతుంది, గని మూతపడితే వందల కుటుంబాలు వీధిన పడతాయి. పాఠ్యపుస్తకంలో ఇది ఒక్క వాక్యం. నవలలో అది ఒక మనిషి తన గనిలో మరో నెల పని సాగించాలా వద్దా అని రాత్రంతా కూర్చుని వేసే లెక్క, ఆ లెక్క తప్పితే పొరుగింటివాడి పిల్లలకు ఏమవుతుందన్న భయం, ఖనిజం కొనే కంపెనీలన్నీ కూడబలుక్కుని ధర తొక్కిపెడుతున్నాయన్న కోపం, అప్పు ఇచ్చిన బ్యాంకు యజమానితో తరాలు దాటి సాగే పగ.

ఇదే ఆవిరి యంత్రం తరం మారేసరికి కొత్త వేషంలో కనిపిస్తుంది. ఆవిరి యంత్రం మీద జేమ్స్ వాట్‌కు ఉన్న పేటెంటు 1800లో ముగిసింది. మరుసటి ఏడాదే కార్న్‌వాల్‌కు చెందిన రిచర్డ్ ట్రెవితిక్ అధిక పీడన ఆవిరితో నడిచే బండిని రోడ్డు మీద నడిపి చూపించాడు, 1804లో వేల్స్‌లో ఇనుప పట్టాల మీద నడిపాడు. నవలల్లో తండ్రి తరం ఆవిరిని గనిలో నీళ్లు తోడడానికి వాడుకుంటే, కొడుకు తరం దాన్ని చక్రాల మీద పరుగెత్తించాలని కలగంటుంది. తండ్రి ఆ కలను సరిగా అర్థం చేసుకోలేడు. కొడుకు చెప్పుకోలేడు. ఒక యంత్రం చరిత్రలో జరిగిన మార్పు ఒక ఇంట్లో తండ్రీకొడుకుల మధ్య మౌనంగా మారిన తీరు అది. మొదటి సంపుటంలో గని ఒడ్డున నీళ్లు తోడే చప్పుడు వినకుండా, ఎనిమిదో సంపుటంలో ఆ కుర్రవాడి కలను మాత్రమే చదివినవారికి ఆ మౌనం బరువు ఎంతో ఎలా తెలుస్తుంది?

కుటుంబమంతటినీ ఒక పెద్ద నిర్మాణంగా కట్టినవారిలో ఫ్రెంచి రచయిత ఎమిల్ జోలాను తలచుకోకుండా ఉండలేము. రూగాన్‌-మకార్ కుటుంబం మీద ఆయన 1871 నుంచి 1893 వరకు ఇరవై నవలలు రాశాడు. ఫ్రాన్స్‌లో రెండో సామ్రాజ్యం, అంటే మూడో నెపోలియన్ పాలన, నాటి సమాజాన్ని ఒక వంశం ద్వారా చూపించాలన్నది ఆయన సంకల్పం. మొదటి నవల పత్రికలో ధారావాహికగా వస్తున్న రోజుల్లోనే, 1870లో, యుద్ధం వచ్చి ఆ సామ్రాజ్యం కూలిపోయింది. వర్తమానం గురించి రాయడానికి కూర్చున్న రచయిత చేతిలో ఆ వర్తమానం ఉన్నట్టుండి చరిత్ర అయింది. జోలా నవలలను విడివిడిగా చదువుకోవచ్చునని చాలామంది చెబుతారు. అది నిజమే, ప్రతి నవలా తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. అయినా చాకలి దుకాణం పెట్టుకుని బతికిన జెర్వేజ్ కథను ముందు చదివి, ఆ తర్వాత ఆమె బిడ్డలు ఒకరు బొగ్గుగనిలో, ఒకరు చిత్రకారుడి గదిలో, ఒకరు నాటకశాలలో, ఒకరు రైలింజను మీద కనిపించినప్పుడు, ఆ నలుగురి వెనుకా ఆ తల్లి నీడ కదులుతూ ఉంటుంది. ఆ నీడ చూడగలిగినవారికి దక్కే నవల వేరు.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలనిపిస్తోంది. రైలింజను నడిపే జాక్ అన్న కొడుకు ప్రస్తావన తల్లి కథలో ఎక్కడా లేదు. ఆ పాత్ర అవసరం రచయితకు చాలా ఏళ్ల తర్వాత కలిగింది, అప్పుడు ఆ తల్లికి మరో కొడుకును చేర్చాడు. 1878లో తొలిసారి ప్రచురించిన వంశవృక్షాన్ని 1893లో, ఇరవయ్యో నవలతో పాటు, సవరించి అచ్చువేశాడు. ఇలాంటివి పట్టుకుని తప్పులెన్నే విమర్శకులున్నారు. నాకు మాత్రం అది రచయిత మీద ఆప్యాయతను పెంచింది. ఇరవై రెండేళ్ల పాటు ఒక వంశాన్ని నెత్తిన మోసినవాడు ఒక బిడ్డను తర్వాత గుర్తుచేసుకున్నాడు, ఆ సంగతి ఆ ఇంటి పెద్దగా మనం కనిపెట్టాము. అంతే కదా.

వంశవృక్షం అనగానే మరో మాట. నవల మొదట్లో అచ్చువేసే ఆ పటం ఈ నవలలకు ప్రాణం. ఇంగ్లండు కథల్లో తాత పేరు మనవడికీ, మేనత్త పేరు మేనకోడలికీ పెట్టుకుంటూ పోతారు కనుక, ఒకే పేరుతో ముగ్గురు నలుగురు ఎదురైనప్పుడు ఆ పటమే దారి చూపుతుంది. అయితే అదే పటం అజాగ్రత్తగా వేస్తే కథను ముందే చంపేస్తుంది. రాబోయే సంపుటంలో ఎవరు ఎవరిని పెళ్లాడతారో, ఎవరు ఏ సంవత్సరంలో చనిపోతారో మొదటి పేజీలోనే కనబడితే పాఠకుడికి మిగిలేదేమిటి? ప్రతి సంపుటానికీ ఆ కథ మొదలయ్యే నాటికి ఉన్న వంశవృక్షాన్ని మాత్రమే వేయడం ఉత్తమమైన పద్ధతి. సంపుటం సంపుటానికి ఒక్కో కొమ్మ పెరుగుతూ పోతుంటే చూడడం కూడా ఒక ఆనందమే. నేను కాగితం మీద పెన్సిలుతో నా సొంత వంశవృక్షం గీసుకుంటూ చదువుతాను. పుట్టినవారిని చేర్చడానికి ఎంత సంతోషంగా ఉంటుందో, పోయినవారి పేరు పక్కన సంవత్సరం రాయడానికి చెయ్యి అంతగా వెనకాడుతుంది.

చివర్లో వచ్చే రచయిత వివరణ కూడా అంతే ముఖ్యమైనది. ఏది చరిత్ర, ఏది కల్పన, ఏ యుద్ధం తేదీని కథ కోసం కొంచెం జరిపారు అన్నది నిజాయితీగా చెప్పే రచయిత మీద గౌరవం పెరుగుతుంది. బ్రిటన్‌లో 1752లో కేలండరు మార్చినప్పుడు సెప్టెంబరు 2 తర్వాతి రోజు సెప్టెంబరు 14 అయింది. ఆ కాలం మీదుగా సాగే కుటుంబ కథలో పుట్టినరోజులు, అద్దెలు, ఉత్తరాల మీద తేదీలు అన్నీ ఈ మార్పును దాటుకుని రావాలి. దాన్ని పట్టించుకున్న రచయిత ఎంత శ్రమపడి ఉంటారో నాలాంటి పాఠకులకు ఆ వివరణ వల్లనే తెలుస్తుంది. ఇటువంటి వివరణలను పునర్ముద్రణల్లో, అనువాదాల్లో పేజీలు తగ్గించడం కోసం తీసివేయడం నేను చూశాను. అది పాఠకుడికి జరిగే నష్టం.

పదిహేనో శతాబ్దంలో మొదలై ఇరవయ్యో శతాబ్దం దాకా ఒకే కుటుంబాన్ని తీసుకువచ్చిన నవలామాల కూడా ఉంది. ఆంగ్ల రచయిత్రి సింథియా హారడ్‌-ఈగిల్స్ 1980లో ప్రారంభించిన మార్లాండ్ వంశ కథ ముప్పై సంపుటాలు దాటిపోయింది. దానిలో నన్ను ఆకట్టుకున్న సంగతి వేగం. మొదటి సంపుటాలలో దశాబ్దాలు గడిచిపోతాయి. ఇరవయ్యో శతాబ్దపు యుద్ధాల దగ్గరికి వచ్చేసరికి ఏడాదికో రెండేళ్లకో ఒక సంపుటం పడుతుంది. గతం మనకు దగ్గరవుతున్న కొద్దీ కథ నెమ్మదిస్తుంది, ఎందుకంటే అక్కడ ఉత్తరాలు, వార్తాపత్రికలు, ఛాయాచిత్రాలు ఎక్కువవుతాయి, మనుషుల మాట మనకు మరింత స్పష్టంగా వినిపిస్తుంది. ముసలివారి జ్ఞాపకం కూడా ఇలాగే ఉంటుంది కదా అని నాకు తోచింది, కానీ వెంటనే పొరపాటు గ్రహించాను. ముసలివారికి దూరపు సంగతులే స్పష్టం, దగ్గరివే మసక. ఈ నవలామాల చరిత్రకారుడి జ్ఞాపకంలా నడుస్తుంది. దానికి తాతల జ్ఞాపకాన్ని జోడించేది పాఠకుడే.

వరుస నవలల పద్ధతి తెలుగు పాఠకులకు కొత్తదేమీ కాదు. విశ్వనాథ సత్యనారాయణ గారి పురాణవైర గ్రంథమాల ఒక్కటే పన్నెండు నవలలు. అంత పొడవును ఆదరించిన పాఠకులు మనవారే కనుక, మనకు ఓపిక లేదన్న మాటను నేను నమ్మను.

లోపాలు లేవని నేను అనడం లేదు. ఒకే కుటుంబం ప్రతి ప్రముఖ యుద్ధంలోనూ, ప్రతి పట్టాభిషేకంలోనూ ఎవరో ఒకరిని నిలబెట్టడం చాలాసార్లు అసహజంగా ఉంటుంది. నాలుగు వందల ఏళ్ల కిందటి అమ్మాయి నేటి అమ్మాయిలా ఆలోచించి, నేటి మాటలే మాట్లాడుతుంటే ఆ కాలం మీద నమ్మకం పోతుంది. పాత కథను గుర్తుచేయడానికి ప్రతి సంపుటం మొదట్లోనూ పాత్రలు ఒకరికొకరు తెలిసిన సంగతులే చెప్పుకోవడం చర్వితచర్వణమే. పగను నిలబెట్టడం కోసం ఒక దుర్మార్గుణ్ణి అవసరానికి మించి బతికించే రచయితలూ ఉన్నారు. వీటిని ఎత్తిచూపే విమర్శ రావాలి, గట్టిగానే రావాలి. కానీ ఈ లోపాలకు కారణం పొడవు కాదు. రెండు వందల పేజీల నవలల్లో ఇవన్నీ ఉన్నవి నేను చదివాను.

మధ్య సంపుటాలలో ఏమీ జరగదన్న ఫిర్యాదుకు కూడా జవాబు చెప్పాలి. అవును, వాటిలో పెద్ద సంఘటనలు తక్కువ. పంటలు కోస్తారు, బాకీలు తీరుస్తారు, ఒక బిడ్డకు జ్వరం వచ్చి తగ్గుతుంది, దంపతులిద్దరు మాట్లాడుకోవడం మానేసి కొంతకాలానికి మళ్లీ మాట్లాడుకుంటారు. నా అనుభవంలో నేను మళ్లీ మళ్లీ తెరిచేది ఈ సంపుటాలనే. తర్వాతి సంపుటంలో ఆ ఇంటికి దెబ్బ తగిలినప్పుడు అది మనకూ తగిలేది, ఈ నెమ్మదైన పేజీలలో మనం వాళ్లతో కలిసి రోజులు గడిపాము కనుకనే.

దీన్ని నేను నష్టపోయి నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక గ్రంథాలయంలో ఒక నవలామాలలోని నాలుగో సంపుటం దొరకలేదు. ఎవరో తీసుకువెళ్లి తిరిగి ఇవ్వలేదన్నారు. ఆగలేక అయిదోది చదివేశాను. అందులో అక్కాచెల్లెళ్లు ఇద్దరు ఒకే గదిలో ఉండి ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. ఎందుకో నాకు తెలియలేదు. చెల్లెలు మూర్ఖురాలని నిర్ణయించుకుని, నవల పూర్తయ్యేదాకా ఆమెను ఈసడించుకుంటూనే చదివాను. మూడేళ్ల తర్వాత నాలుగో సంపుటం చేతికి వచ్చింది. ఆ చెల్లెలు ఏమి భరించిందో, ఎవరి పరువు కోసం నోరు మూసుకుందో అప్పుడు తెలిసింది. పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను. ఆ పాత్రకు నేను అన్యాయం చేశానన్న భావన ఇన్నేళ్లయినా నన్ను విడిచిపోలేదు. మన భాషలో వరుస అంటే క్రమమనీ అర్థం, చుట్టరికమనీ అర్థం. కుటుంబ గాథల విషయంలో ఆ రెండు అర్థాలూ ఒక్కటేనని ఆ రోజు నాకు బోధపడింది.

టెలివిజన్ ధారావాహికలు వచ్చాక పుస్తకాలు చదవవలసిన అవసరం ఏముందని కూడా మీ చర్చలో ప్రశ్న వచ్చింది. ఆంగ్ల రచయిత జాన్ గాల్స్‌వర్దీ రాసిన ఫోర్‌సైట్ కుటుంబ కథను బీబీసీ 1967లో 26 భాగాలుగా ప్రసారం చేసింది, పోల్‌డార్క్ కథ 1970లలో ఒకసారి, 2015 నుంచి 2019 వరకు మరోసారి తెరకెక్కింది. అవి ఎంతోమందిని పుస్తకాల దగ్గరికి తీసుకువచ్చాయి, అందుకు నాకు సంతోషమే. కానీ తెర మీద ముఖానికి వయసు పూయాలి. పుస్తకంలో వయసు మన కళ్ల ముందే వస్తుంది.

ఇక మీకు కొన్ని మనవులు. నవలామాలలోని ఒక సంపుటాన్ని మీ పుటలో సమీక్షించేటప్పుడు అది ఎన్నో సంపుటమో, కథ ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు నడుస్తుందో, ముందువి చదవకుండా దాన్ని చదవవచ్చునో లేదో తప్పక పేర్కొనేలా చూడండి. తొమ్మిదో సంపుటాన్ని విడి నవలగా తీసుకుని పాత్రలు సరిగా పరిచయం కాలేదని సమీక్షకులు తప్పుపట్టడం న్యాయం కాదు, ఆ పరిచయం ఎనిమిది సంపుటాల కిందట జరిగిపోయింది. ఎవరు చనిపోయారో, ఎవరు ఎవరిని పెళ్లాడారో సమీక్షలో బయటపెట్టవద్దని కూడా కోరుతున్నాను. ఇటీవలి ఒక సమీక్షలో మొదటి పేరాలోనే ఒక మరణం బయటపడింది. ఆ నవలామాలను అప్పుడే మొదలుపెట్టిన నా మేనకోడలు ఆ రోజు పుస్తకం పక్కన పెట్టేసి, మళ్లీ తెరవలేదు. ప్రచురణకర్తలు ఇలాంటి నవలలను తెలుగులోకి తెచ్చేటప్పుడు మొదటి సంపుటంతో ఆపివేయకుండా మొత్తం తీసుకురావాలని, వంశవృక్షాన్నీ రచయిత వివరణనూ తొలగించవద్దని మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను. గ్రంథాలయాలవారు వరుసలో ఒక్క సంపుటం పోయినా వెంటనే మరో ప్రతి తెప్పించాలి. నాలుగోది లేని అరలో అయిదోది ఉండడం వల్ల ఎంత నష్టమో పైన రాశాను.

పోల్‌డార్క్ పన్నెండో నవలను నేను గత నెలలో మూడోసారి పూర్తి చేశాను. రెండు రోజులు ఏమీ చదవలేకపోయాను. నిన్న సాయంత్రం మొదటి సంపుటం మళ్లీ తెరిచాను. 1783 అక్టోబరు, బయట గాలి, అమెరికా యుద్ధం నుంచి తిరిగివస్తున్న యువకుడొకడు బండిలో కూర్చుని ఇంటివైపు ప్రయాణిస్తున్నాడు. ఇంటి దగ్గర తన కోసం ఏమి ఎదురుచూస్తోందో అతనికి ఇంకా తెలియదు. అతని పిల్లల పేర్లు కూడా నాకు తెలుసు. చెప్పడానికి వీలులేక, పేజీ తిప్పాను.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక పాఠకురాలు